వాల్వ్ మార్చారు సరే, పంపింగ్ ఎందుకు పెరగలేదు?

హనుమకొండలో ఏ గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎకో (గుండె స్కానింగ్) గది బయట బెంచీల మీద నడిచే మాట ఒకటే: "మీ వాళ్లకు పంపింగ్ ఎంత ఉంది?" ముప్పై అయిదు అంటే అవతలివాళ్లు నాలుక చప్పరిస్తారు. యాభై అయిదు అంటే "ఇంకేం, మంచిదే కదా" అంటారు. వాల్వ్ ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లలో ఈ అంకె చుట్టూ నడిచే టెన్షన్ మరీ ఎక్కువ. హైదరాబాద్ పోయి, లక్షల బిల్లు ఆరోగ్యశ్రీలో గట్టెక్కి, ఛాతీ కోయించుకుని వచ్చాక ఎకో తీస్తే ముందున్న అంకే కనబడుతుంది. కొందరికి ముందుకంటే తక్కువ కూడా వస్తుంది. ఇక ఆపరేషన్ ఫెయిలైందన్న మాట ఊళ్లో పుట్టడానికి సాయంత్రం దాకా కూడా ఆగనక్కర్లేదు.

నిజానికి ఈ ఒక్క అంకె ఇద్దరు మనుషుల్లో రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది. ఒకరికి పంపింగ్ పెరిగితేనే బాగైనట్టు. ఇంకొకరికి మొదటి వారాల్లో అది తగ్గితేనే కొత్త వాల్వు తన పని తాను చేస్తున్నట్టు. మూడో మనిషికి అది ముందూ వెనకా కదలనే కదలదు, మనిషి మాత్రం మెట్లెక్కడం మొదలుపెడతాడు.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. రిపోర్టులో ఈఎఫ్ అని రాసేదే మనం పంపింగ్ అంటున్నది. గుండె కింది ఎడమ గది పూర్తిగా నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల రక్తం ఉండి, ఒక్కసారి ముడుచుకుని 72 మిల్లీలీటర్లు బయటికి నెడితే ఈఎఫ్ 60 శాతం. మామూలు మనిషికి ఇది 55 నుంచి 65 దాకా, కొందరికి 70 దాకా ఉంటుంది. నూటికి నూరు ఎవరికీ ఉండదు. 60 ఉందంటే గుండె నలభై శాతం చెడిపోయిందని బెంగపడేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు, అందుకే ఈ మాట విడమరిచి చెప్పాల్సి వస్తోంది. ఇంకోటి. ఈ అంకె గుండె కండ బలాన్ని నేరుగా కొలవదు. ఎంత నిండింది, ఎంత ఒత్తిడికి ఎదురుగా నెట్టింది, నెట్టినదాంట్లో ఎంత వెనక్కి వచ్చింది, ఇవన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి.

సన్నబడ్డ వాల్వు వెనక

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మొదట్లో ఉండేది అయోర్టిక్ వాల్వ్, పాఠ్యపుస్తకాల్లో బృహద్ధమని కవాటం. దానికి మూడు రెక్కలు. వందలో ఒకరికో ఇద్దరికో పుట్టుకతోనే రెండే రెక్కలుంటాయి, అవి ముందే అరిగి బిరుసెక్కుతాయి. పెద్ద వయసులో రెక్కల మీద సున్నం పేరుకుంటుంది. చిన్నతనంలో గొంతునొప్పి వెనకాలే వచ్చే రుమాటిక్ జ్వరం రెక్కల్ని అతికించేస్తుంది. పేదరికం, ఇరుకు ఇళ్లు ఉన్నచోట ఇది ఇంకా పోలేదు. బాగున్న వాల్వు తెరుచుకుంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. అది 1 కంటే తక్కువకు పడిపోతే తీవ్రంగా సన్నబడ్డట్టు లెక్క. అప్పుడు చేతికి కట్టు కట్టి చూస్తే బీపీ 120 ఉండే మనిషికి, గుండె లోపలి గదిలో 180, ఒక్కోసారి 200 దాకా ఒత్తిడి పుట్టాల్సి వస్తుంది. రోజుకు సుమారు లక్షసార్లు.

ఎనుమాముల మార్కెట్‌లో హమాలీని తలుచుకోండి. మోయగలిగినంత బస్తా వీపున ఉంటే చకచకా నడుస్తాడు. దాని మీద ఇంకోటి వేస్తే అడుగు కుంగుతుంది. నడక మందగించింది కదా అని కాళ్లు చచ్చుబడ్డాయని ఎవరం అనుకోం, బస్తాలు దించి చూస్తాం. దించగానే మామూలుగా నడిస్తే తప్పు బరువుది. దించాక కూడా తూలుతున్నాడంటే నడుము పోయిందన్నట్టు. వాల్వు సన్నబడి పంపింగ్ పడిపోయిన ప్రతి రోగి విషయంలో అసలు ప్రశ్న ఇదే: తగ్గింది బరువు వల్లనా, కండ పోవడం వల్లనా? ఎదురొత్తిడికీ గుండె బలానికీ పొంతన కుదరకపోవడం వల్ల పంపింగ్ తగ్గవచ్చునన్న ఆలోచనను అమెరికన్ గుండె వైద్యుడు జాన్ రాస్ 1976లో వివరంగా రాశాడు. ఇవాళ ఆపరేషన్ తర్వాత కోలుకోవడం గురించి డాక్టర్లు చెప్పేదాంట్లో సగం ఆ ఆలోచన మీదే నిలబడింది.

పరకాల దగ్గర పత్తి వేసే ఒక రైతును ఊహించుకుందాం. అరవై నాలుగేళ్లు. ఏడాదిగా చేను గట్టు ఎక్కితే దమ్ము వస్తోంది, ఒకసారి చేను కాడ కళ్లు తిరిగి పడ్డాడు. ఎకో రిపోర్టులో వాల్వ్ ఏరియా 0.7, మీన్ గ్రేడియంట్ 52, గోడ మందం 15 మిల్లీమీటర్లు, ఈఎఫ్ 38. వాల్వు మార్చారు. ఆరో రోజు ఎకోలో మీన్ గ్రేడియంట్ 12, ఈఎఫ్ 42. కొడుకు కళ్లు ఆఖరి అంకె మీదే ఆగిపోతాయి.

"సార్, ఇంత చేసినా బాపు పంపింగ్ నాలుగే పెరిగిందేంది సార్?"

"నువ్వు కింది లైను చూస్తున్నవు బాబూ, పై లైను చూడు. యాభై రెండు ఉన్నది పన్నెండుకు వచ్చింది. బరువు దిగింది. కండకు టైమియ్యాలె."

ఆ పై లైను సంగతి ఇది. గ్రేడియంట్ అంటే వాల్వుకు ఇవతలా అవతలా ఒత్తిడిలో తేడా. 40 దాటితే తీవ్రం. ఆపరేషన్ టేబుల్ మీదే దిగిపోయేది ఇదొక్కటే. కొత్త వాల్వులో కూడా సున్నా కాదు, ఎందుకంటే కృత్రిమ వాల్వుకు తన చట్రం తనకుంటుంది. 10, 15 దాకా ఉండటం మామూలే. దాన్ని చూసి "మళ్లీ మూసుకుపోతోందా" అని కంగారు పడనక్కర్లేదు. కాకపోతే డిశ్చార్జి తర్వాత మొదటి రెండు మూడు నెలల్లో తీసిన ఎకోలో అది ఎంత ఉందో ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోవాలి. పదేళ్ల తర్వాత తీసే ఎకోను దానితోనే పోల్చి చూస్తారు.

మరి ఆరో రోజు ఈఎఫ్‌ను ఎందుకు నమ్మలేం? ఆపరేషన్‌లో గుండెను గంటకో గంటన్నరకో మందుతో ఆపి, రక్తాన్ని మిషన్‌తో తిప్పుతారు. ఆ మొద్దుబారడం తీరడానికి రోజులు పడుతుంది. ఛాతీ తెరిచిన ఆపరేషన్ల తర్వాత, రెండు గదుల మధ్య గోడ ఎకోలో వింతగా అటు ఇటు ఊగినట్టు కనబడుతుంది. చాలామందిలో కనబడే ఈ మార్పు దానంతటది ప్రమాదకరం కాదు గానీ ఈఎఫ్ లెక్కను కిందికి లాగుతుంది. వాల్వ్ ఆపరేషన్ అయినవాళ్లలో ఇంచుమించు మూడింట ఒకరికి మొదటి కొద్ది రోజుల్లో గుండె లయ తప్పి, దడదడగా క్రమం లేకుండా కొట్టుకుంటుంది. చాలామందిలో మందులతో సర్దుకుంటుంది. అయితే అది ఉన్నప్పుడు కొలిచిన అంకెకు విలువ తక్కువ. దీనికి తోడు రక్తం తగ్గి ఉంటుంది, ఊపిరితిత్తి చుట్టూ కాస్త నీరు ఉండొచ్చు. మనిషికి ఆయాసం వస్తుంది, నింద పంపింగ్ మీద పడుతుంది.

మన పరకాల రైతు లాంటివాళ్లలో, కండ బాగుండి బరువు వల్లే కుంగిన గుండెల్లో, ఈఎఫ్ పెరుగుదల ఎక్కువగా మొదటి మూడు నెలల నుంచి ఆరు నెలల్లోపే కనబడుతుంది. కొందరికి వారం తిరక్కుండానే కనబడుతుంది. తొడ నాళం నుంచి సన్నటి గొట్టం ద్వారా వాల్వు పెట్టే పద్ధతిలో (ఫ్రాన్స్‌లోని రూఆన్‌లో ఆలన్ క్రిబియే 2002లో మొదటిసారి చేసినది, మన దగ్గర టావీ అంటున్నది) గుండెను ఆపడం, ఛాతీ కోయడం ఉండవు కాబట్టి ఈ మార్పు కొన్నిసార్లు ఇంకా తొందరగా తెలుస్తుంది. దాంట్లో గుండెలోని కరెంటు దారి దెబ్బతిని పేస్‌మేకర్ అవసరపడే అవకాశం మాత్రం కొంచెం ఎక్కువ.

లీకు కథ వేరు

ఇప్పుడు రెండో మనిషి. ఇతనికి వాల్వు సన్నబడలేదు, సరిగ్గా మూసుకోవడం లేదు. నెట్టిన రక్తంలో కొంత వెనక్కి కారుతోంది. ఆ అదనపు రక్తాన్ని పట్టడానికి గది ఏళ్ల తరబడి సాగుతూ పెద్దదవుతుంది. లెక్క వేసి చూస్తే విషయం సులువుగా తెలుస్తుంది. ఉదాహరణకు గదిలో 200 మిల్లీలీటర్లు నిండుతున్నాయి. దెబ్బకు 110 నెడుతోంది. ఈఎఫ్ 55, ఎవరు చూసినా "బాగానే ఉంది కదా" అంటారు. కానీ ఆ 110లో 50 వెనక్కి వస్తున్నాయి. ఒంటికి అందుతున్నది 60 మాత్రమే.

వాల్వు మార్చారు, లీకు ఆగింది. గది కొంత కుదించుకుని ఇప్పుడు 150 నిండుతోంది, 65 నెడుతోంది. ఈఎఫ్ 43. కాగితం మీద 55 నుంచి 43కి పడిపోయింది. ఒంటికి అందే రక్తం మాత్రం 60 నుంచి 65కి పెరిగింది, పైగా తక్కువ శ్రమతో. ఇంట్లోవాళ్లకు ఇది నమ్మించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. "ఆపరేషన్‌కు ముందే నయం ఉండె" అనే మాట ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

లీకు రోగిలో మొదటి వారాల్లో చూడాల్సింది ఈఎఫ్ కాదు, గది సైజు. రిపోర్టులో ఎల్‌విఐడి పక్కన డి, ఎస్ అనే అక్షరాలతో మిల్లీమీటర్లలో రాస్తారు. నిండినప్పుడు ఎంత, ముడుచుకున్నప్పుడు ఎంత అని. గది తగ్గడం మొదటి రెండు వారాల్లోనే బాగా జరుగుతుంది. అది బాగా తగ్గితే తర్వాతి నెలల్లో ఈఎఫ్ కూడా పైకి వచ్చే అవకాశం ఎక్కువ. తగ్గకుండా అలాగే ఉండిపోతే కండ ముందే దెబ్బతిన్నదని అనుమానించాలి. అందుకే లీకు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా, ఈఎఫ్ 55 దగ్గరకు పడిపోతేనో, ముడుచుకున్నప్పటి సైజు 50 మిల్లీమీటర్లు దాటితేనో ఆపరేషన్ గురించి మాట్లాడతారు. "నడుస్తున్న మనిషిని కోస్తామంటున్నారు" అని వాయిదా వేసేది కూడా సరిగ్గా ఈ దశలోనే.

మూడో మనిషి గురించి రెండు ముక్కలు చాలు. ఎక్కువగా పొట్టిగా, సన్నగా ఉండే పెద్దవయసు ఆడవాళ్లు. వాల్వు సన్నబడి, గోడ మందమెక్కి, లోపలి గది చిన్నదైపోతుంది. 70 మిల్లీలీటర్లే పడతాయి, 45 నెడుతుంది. ఈఎఫ్ 64. "పంపింగ్ మస్తుగ ఉన్నది, అవ్వకు ఏం కాలేదు" అని పంపించేస్తారు. ఒంటికి చేరేది 45 మిల్లీలీటర్లే. ఆయాసానికి కారణం నెట్టలేకపోవడం కాదు, బిరుసెక్కిన గది సాఫీగా నిండలేకపోవడం. ఈమెకు ఆపరేషన్ తర్వాత కూడా ఈఎఫ్ 64 దగ్గరే ఉంటుంది, ఆ అంకెలో లాభం ఏమీ కనబడదు.

మందం, బిరుసు, మచ్చ

గుండె కోలుకోవడానికి ఒక్క గడియారం లేదు. ఒత్తిడి ఆ రోజే దిగుతుంది, పంపింగ్ నెలల్లో కదులుతుంది అన్నాం. కండ మందం తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఏళ్లపాటు బరువు మోసి మందమెక్కిన గోడ మొదటి ఏడాదిలో ఇంచుమించు అయిదో వంతు బరువు కోల్పోతుంది, ఆ తర్వాత కూడా మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. ఇక్కడ బీపీ అసలు సంగతి. సన్నటి వాల్వు ఉన్నంతకాలం తక్కువగా కనబడిన బీపీ, దారి తెరుచుకున్నాక పైకి లేవొచ్చు. వాల్వు దగ్గర దించిన బరువును బీపీ రూపంలో మళ్లీ ఎత్తుకున్నట్టే. ఆపరేషన్ అయిపోయింది కదా అని బీపీ గోళీ మానేసేవాళ్లకు ఈ మందం తగ్గదు.

అన్నిటికంటే నిదానంగా తగ్గేది బిరుసు. కండ పోగుల మధ్య నారలాంటి పదార్థం అల్లుకుపోయి ఉంటుంది. కండ ముందు సన్నబడి, నార అలాగే ఉండిపోవడం వల్ల మొదటి ఏడాది రెండేళ్లు గుండె బిరుసు తగ్గినట్టే అనిపించదు. ఈ నార కరగడానికి సంవత్సరాలు పడుతుంది. ఆపరేషన్ బాగా జరిగి, ఈఎఫ్ 60 ఉండి, ఏడాదైనా భద్రకాళి బండ్ మీద చకచకా నడిస్తే ఆయాసం వస్తోందనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, ఎకో కూడా అబద్ధం చెప్పడం లేదు.

చివరిది మచ్చ. మందమెక్కిన కండకు రక్తనాళాలు సరిపోక, లోపలి పొర ఆకలికి చచ్చి, ఆ చోట గట్టి మచ్చ ఏర్పడుతుంది. గుండె ఎమ్మారైలో ఇది తెల్లగా కనబడుతుంది. అల్లుకున్న నార కరుగుతుంది, మచ్చ కరగదు. వాల్వు ఎంత మంచిదైనా ఆ ముక్క తిరిగి రాదు. 1968లో జాన్ రాస్, యూజీన్ బ్రౌన్‌వాల్డ్ కలిసి రాసిన వ్యాసంలో, సన్నబడ్డ వాల్వును మార్చకుండా వదిలేస్తే ఛాతీ నొప్పి మొదలయ్యాక సగటున 5 ఏళ్లు, కళ్లు తిరిగి పడటం మొదలయ్యాక 3 ఏళ్లు, గుండె నీరసించి ఆయాసం వచ్చాక 2 ఏళ్లు బతుకుతారని లెక్క చెప్పారు. దమ్ము మొదలైన తర్వాత "పత్తి ఏరుడు అయిపోనీ", "బిడ్డ పెండ్లి కానీ" అంటూ గడిపే ప్రతి సీజనూ మచ్చ పెరగడానికి వీలిచ్చినట్టే అవుతుంది.

ఈఎఫ్ ముప్పైకి పడిపోయి, గ్రేడియంట్ కూడా 40 లోపే ఉన్నవాళ్లది తికమక కేసు. గుండె బలంగా నెట్టలేక గ్రేడియంట్ తక్కువ కనబడుతోందా, లేక వాల్వు అంత చెడిపోలేదా? ఇలాంటప్పుడు డోబుటమిన్ అనే మందును సెలైన్‌లో మెల్లగా ఎక్కిస్తూ ఎకో తీస్తారు. మందుకు గుండె లేచి, దెబ్బకు నెట్టే రక్తం 20 శాతమైనా పెరిగితే కండలో సత్తువ మిగిలి ఉన్నట్టు. అలా పెరగనివాళ్లకు ఆపరేషన్ రిస్కు ఎక్కువే. అయినా గట్టెక్కితే వాళ్లలో కూడా చాలామందికి తర్వాత పంపింగ్ పెరుగుతుంది. కాబట్టి "పంపింగ్ తక్కువ, ఇక లాభం లేదు" అని ఒక్కచోట విన్నంత మాత్రాన వదిలేయకూడదు.

ఇంటికొచ్చాక

మన దగ్గర ఎకో ఒకసారి హైదరాబాద్‌లో, ఒకసారి హనుమకొండలో, ఇంకోసారి కరీంనగర్‌లో తీయిస్తారు. ఒకే గుండెను ఒకే రోజు ఇద్దరు చూసినా ఈఎఫ్‌లో అయిదు నుంచి పది దాకా తేడా రావడం వింతేమీ కాదు. 45 కాస్తా 41 అయిందంటే గుండె తగ్గిందని కాదు, చూసిన కన్ను మారి ఉండొచ్చు. వీలైతే ఒకేచోట, గుండె లయ కుదురుగా ఉన్నప్పుడు చూపించుకుంటే మంచిది.

తిండి విషయంలో మనవాళ్ల పథ్యం తల్లకిందులుగా ఉంటుంది. పచ్చి ఒళ్లు, చీము పడుతుందని పప్పు, గుడ్డు, వంకాయ మాన్పించి, చారన్నంలోకి మామిడికాయ తొక్కు వేసి పెడతారు. కోత మానడానికి, రక్తం పట్టడానికి కావాల్సినవి ఆ పప్పూ గుడ్డే. పంపింగ్ తక్కువ ఉన్న గుండెకు నిజంగా బరువయ్యేది తొక్కులోని ఉప్పు, అది ఒంట్లో నీరు నిలిపేస్తుంది. పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక తూకం చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డాక్టరుకు ఫోన్ చేయాల్సిన సంగతి. మే నెలలో రామగుండం, మంథని ఎండలకు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. నీరు దింపే గోళీ అదే మోతాదులో మింగుతూ, చెమటలో నీరంతా పోగొట్టుకుని కళ్లు తిరిగి పడతారు. ఎండాకాలం ముందు ఆ మోతాదు గురించి అడిగి పెట్టుకోవాలి.

కోసిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడటానికి మూడు నెలలు. పదహారు లీటర్ల స్ప్రే పంపు వీపున వేసుకుని చేలోకి పోవడం అందాకా కుదరదు. నడక మాత్రం మొదటి వారం నుంచే. రోజూ కాస్త కాస్త పెంచాలి, మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు.

లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లకు (1990 నుంచి వాడుతున్న, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో రూపొందిన మన దేశపు చిత్ర వాల్వు కూడా ఈ కోవదే) రక్తం పలచబరిచే గోళీ జీవితాంతం ఉంటుంది, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. ఆకుకూర మానేయాల్సిన పనిలేదు, వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినాలి. గోళీ తప్పితే వాల్వు మీద గడ్డ కట్టి, తెరుచుకోక, గ్రేడియంట్ ఒక్కసారిగా పెరిగి మళ్లీ ఆయాసం మొదలవుతుంది. రాత్రి నిశ్శబ్దంలో వినబడే లోహపు వాల్వు టిక్ టిక్ శబ్దం మొద్దుబారినా, ఆగినట్టనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూది వీళ్లకు రెండు విధాల చేటు. సూది గుచ్చినచోట లోపల రక్తం గూడు కడుతుంది, ఆ మందు ఒంట్లో నీరు నిలిపి గుండెను అలసిపోయేలా చేస్తుంది.

ఆరు నెలలు దాటినా ఈఎఫ్ నలభై లోపే ఉంటే మాత్రం కారణం వెతకాలి. గుండె రక్తనాళాల్లో బ్లాకులు మిగిలాయా? బీపీ అదుపులో ఉందా? ఒంటి సైజుకు వాల్వు చిన్నదైపోయిందా? గుండె లయ ఇంకా తప్పుతోందా? ఈసీజీలో కరెంటు దారి ఒకవైపు ఆగిపోయి, రెండు గదులు వెనకా ముందూ ముడుచుకుంటున్నాయా? డెబ్బై దాటినవాళ్లలో అయితే కండలో అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందేమో కూడా చూస్తారు. వీటిలో చాలావాటికి మందో, ప్రత్యేక పేస్‌మేకరో ఉంది. ఏదీ దొరక్కపోతే ఆ గుండెను గుండె నీరసానికి వాడే మందులతోనే నడిపిస్తారు. చిన్న మోతాదులో మొదలుపెట్టి, బీపీ, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ నెలనెలా పెంచుతారు. ఆ మందులతో అంకె యాభైకి చేరిన తర్వాత కూడా వాటిని సొంతంగా ఆపొద్దని డాక్టర్లు చెప్పేది, ఆపినవాళ్లలో కొందరికి అది నెలల్లోనే మళ్లీ పడిపోతుంది కాబట్టి.